అప్‌డేట్: హత్య కేసులో సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేస్తుంటే గొంతు ఆగిపోయేది, చివరికి ఏం తేలిందంటే

నెల్లూరు సెషన్స్ కోర్టులో ముద్దాయి తరఫున వాదిస్తున్నానని, పోస్ట్‌మార్టం ఫొటోలు చేతికి రాగానే చెమటలు పట్టి మాట పెగలడం లేదని, కేసు వదులుకోవాలా అని ఇక్కడ అడిగాను. కావలి దగ్గర హైవే ప్రమాదంలో మా జూనియర్ నా కళ్లముందే పోయినప్పటి నుంచే ఇలా అవుతోందనీ రాశాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఈసీజీ, థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మల్. సైకియాట్రిస్ట్ పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత మనసును వదలని ఒత్తిడి జబ్బు) అన్నారు. ఆమె ఓపిగ్గా అడుగుతుంటే అసలు సంగతి తెలిసింది. నన్ను ఆపేస్తున్నది రక్తం కాదు, ఫొటోలో ఒక మూల తిరగబడి ఉన్న చెప్పు. ఆ రోజు రోడ్డు మీద నేను చూసిందీ అలాంటిదే. ట్రామా థెరపీ మెల్లగా పనిచేసింది. నిద్ర మాత్రలు మొదట్లో కొన్నాళ్లే.

కోర్టు విషయంలో ఒంగోలు సీనియర్ లాయర్ గారి సలహానే కేసును నిలబెట్టింది. సాక్షిని మళ్లీ పిలిపించే వీలిచ్చే బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 348 (పాత సీఆర్‌పీసీ 311) కింద పిటిషన్ వేస్తే డాక్టర్ సాక్షిని మళ్లీ పిలిచారు. ముద్దాయికి అంతా చెప్పి, ఒప్పుకున్నాకే ఇంకో అడ్వకేట్‌ను కలుపుకున్నాను. ఫొటోల భాగం ఆయన చూశారు, గాయాల క్రాస్ నేనే చేశాను. "మీరే ఉండండి మేడమ్" అని ముద్దాయి వాళ్లమ్మ అనడం నాకు కొండంత బలం. నేరం అనుమానం లేకుండా రుజువు కాలేదని, సంశయ లాభం కింద ముద్దాయి మీద కేసు కొట్టేశారు.

అర్ధరాత్రి భయం వేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.