విడవలూరు నుంచి దుబాయ్‌కి రొయ్యలు: ఓడలో ఐస్ మీద పంపొచ్చా?

విడవలూరు రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది విడవలూరు మండలం. నాన్న, బాబాయి కలిసి వెనామీ రొయ్యల గుంతలు చేస్తారు. పట్టుబడి రోజు ఏజెంటు వచ్చి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి రేటు చెప్తాడు, మేం ఒప్పుకుంటాం. ఇన్నేళ్ళూ ఇదే వరస.

మా మేనమామ దుబాయ్‌లో సీఫుడ్ హోల్‌సేల్ వ్యాపారం మొదలుపెట్టాడు. "మన రొయ్య ఇక్కడికి నాలుగు చేతులు మారి వస్తోందిరా, మీరే ఒక కంటైనర్ పంపండి" అంటున్నాడు. ఆయన అడిగేది తలతో ఉన్న పచ్చి రొయ్య, ఐస్ మీద. రీఫర్ కంటైనర్‌లో (చల్లబరిచే మెషీన్ ఉన్న కంటైనర్) సున్నా డిగ్రీలు పెట్టిస్తే పది రోజుల్లో ఓడ చేరుతుంది, పాడవదని ఆయన ధీమా. నాన్నకి మాత్రం నిద్ర పట్టడం లేదు. ఒక పంట డబ్బు మొత్తం ఒకే పెట్టెలో పెట్టాలి కదా.

పచ్చి సరుకు ఓడలో కుదురుతుందా? కుదరకపోతే, కంటైనర్‌లోనే మైనస్ 18 పెట్టి గడ్డ కట్టించుకోవచ్చా? దారిలో కరిగితే నష్టం ఎవరిది? ఈ పనిలో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

సింగరాయకొండ ప్యాకింగ్ సూపర్‌వైజర్:

ముందు కాగితాలు తమ్ముడూ. గుంత దగ్గర నుంచి నేరుగా కంటైనర్‌కి ఎక్కించే పద్ధతి లేదు. ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతులకు ఇచ్చే నంబరు), ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. సరుకు ఈఐఏ (ఎగుమతి తనిఖీ సంస్థ) ఆమోదం ఉన్న ప్లాంట్‌లోనే ప్రాసెస్ కావాలి. సొంత ప్లాంట్ లేనివాళ్ళు మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌గా నమోదై, ప్లాంట్‌తో ఒప్పందం చేసుకుని పంపుతారు. పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ పరీక్ష చేయించండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు బయటపడితే ఇక ఆ లాట్ గురించి మాట్లాడేదేం ఉండదు.

లెక్క కూడా చూసుకోండి. తల తీస్తే మిగిలేది దాదాపు 65 శాతం. 18 టన్నుల హెడ్‌లెస్ నింపాలంటే గుంత నుంచి 27, 28 టన్నులు రావాలి.

రీఫర్ టెక్నీషియన్, ముత్తుకూరు:

కృష్ణపట్నంలో కంటైనర్లు నడిచిన రోజుల్లో అక్కడి రీఫర్ యార్డులో చేశాను. ఇప్పుడు చెన్నై వైపు చేస్తున్నాను. మీ నాన్నగారి భయం న్యాయమైనదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

పచ్చి రొయ్య ఓడలో వద్దు. మీ మామ చెప్పిన పది రోజులు ఓడ నడిచే రోజులు మాత్రమే. పట్టుబడి, ప్లాంట్, పోర్టు గేటు, ఓడ కోసం ఎదురుచూపు, అవతల కస్టమ్స్, ఇవన్నీ ఆ లెక్కలోకి రాలేదు. మంచి ఐస్‌లో ఉంచినా రొయ్య నాణ్యంగా నిలిచేది వారం, మహా అయితే పది రోజులు. అందులోనూ తలతో ఉన్న రొయ్యకి తల దగ్గరే నల్లమచ్చ మొదలవుతుంది. అలాంటి సరుకు విమానంలో వెళ్తుంది. ఓడలో పంపేదైతే ఫ్రోజెన్ చేయించాల్సిందే.

ఇక రెండో ప్రశ్న. దీని మీదే ఎక్కువమంది నష్టపోతారు కాబట్టి గట్టిగా చెప్తున్నా. రీఫర్ కంటైనర్ సరుకును గడ్డ కట్టించదు. ప్లాంట్ ఇచ్చిన చల్లదనాన్ని నిలబెట్టడమే దాని పని. ప్లాంట్‌లోని బ్లాస్ట్ ఫ్రీజర్‌లో మైనస్ 35, 40 దగ్గర గాలి జోరుగా కొడుతుంది. కంటైనర్ మెషీన్‌కి అంత బలం లేదు. వెచ్చటి కార్టన్ కంటైనర్ నడిమధ్య ఇరుక్కుంటే రోజుల తరబడి వెచ్చగానే ఉంటుంది, ఈలోగా డిస్‌ప్లే మీద మైనస్ 18 నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది.

అందుకని లోడింగ్ రోజు మీరో, మీ బాబాయో డాక్ దగ్గర నిలబడండి. అక్కడక్కడా ఒక కార్టన్ విప్పించండి. ఐక్యూఎఫ్ (రొయ్యలు విడివిడిగా గడ్డకట్టిన) సరుకైతే లోపలి రెండు ప్యాకెట్ల నడుమ ప్రోబ్ (థర్మామీటర్ పుల్ల) పెట్టి, పైనుంచి అదిమి, అంకె కదలడం ఆగేదాకా పట్టుకోండి. బ్లాక్ (ఒకే గడ్డగా కట్టిన సరుకు) అయితే డ్రిల్లుతో మధ్యదాకా రంధ్రం చేసి అందులో పెట్టి చూస్తారు. మైనస్ 18 రాని లాట్‌ను వెనక్కి పంపేయండి. "పెట్టెలోకి వెళ్ళాక చల్లబడుతుందిలే" అని ఎవరన్నా వినొద్దు.

చల్లగాలి మెషీన్ దగ్గర కిందికి దిగి, నేల మీద అల్యూమినియం పట్టీల సందుల్లో తలుపుల వైపు పోయి, పైనుంచి తిరిగొస్తుంది. గోడ మీద ఎర్రగీత ఉంటుంది, దాన్ని దాటి ఒక్క వరుస పేర్చినా గాలి ఆగుతుంది. ఫ్రోజెన్ సరుకును కార్టన్‌కి కార్టన్ ఆనించి దిమ్మెలా పేర్చాలి. బయటిగాలి వచ్చే వెంట్ మూసి ఉండాలి. తెరిచి ఉంటే మన తీరం తేమగాలి లోపలికెళ్ళి మెషీన్‌లో చల్లబరిచే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది.

తర్వాత రోడ్డు. ప్లాంట్ నుంచి చెన్నై దాకా కరెంటిచ్చేది ట్రెయిలర్ మీది జెన్‌సెట్ (డీజిల్ జనరేటర్). నిండా గడ్డకట్టిన సరుకున్న పెట్టె, తలుపు తీయకపోతే, కొన్ని గంటలు కరెంటు లేకున్నా ఓర్చుకుంటుంది. అంతకు మించి కాదు. ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్ళ బండి మే నెలలో తడ దాటాక చెడిపోయి నిలబడింది. జెన్‌సెట్‌లో డీజిల్ అయిపోయినా ఎవరూ పోయలేదు. రెండు రాత్రులు, ఒక పగలు అలాగే ఉంది. పోర్టులో ప్లగ్ పెట్టాక మళ్ళీ మైనస్ 18 కి వచ్చింది. బయటి నుంచి చూస్తే ఏ లోపమూ లేదు. కొన్నవాళ్ళు ఫోటోలు పంపారు: గోడల పక్క వరుసల్లో గ్లేజ్ (రొయ్య మీది పల్చటి మంచుపొర) కరిగి ప్యాకెట్ మూలకి చేరి, విడివిడిగా ఉండాల్సిన రొయ్యలన్నీ ఒకే ముద్దయ్యాయి. కంట్రోలర్ లాగ్ (మెషీన్‌లో నమోదయ్యే ఉష్ణోగ్రతల రికార్డు) నేనే డౌన్‌లోడ్ చేశా. కరెంటు లేని గంటలన్నీ అందులో ఖాళీగా ఉన్నాయి, ఆ వెంటనే రిటర్న్ ఎయిర్ (సరుకు చుట్టి తిరిగొచ్చే గాలి) అంకె ఒక్కసారిగా పైనుంచి మొదలైంది. తప్పు దారిలో జరిగిందని తేలి ప్లాంట్ వాళ్ళు బతికిపోయింది ఆ లాగ్ వల్లే.

కాబట్టి మీ సొంత డేటా లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం) ఒకటి తలుపు దగ్గర చివరి వరుసలో, పైన పెట్టించండి. ఖర్చు పెద్దగా ఉండదు. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒక్కో వాక్యం చదవండి. చాలా ఫ్రోజెన్ పాలసీల్లో మెషీన్ చెడి వరుసగా 24 గంటలు ఆగితేనే క్లెయిమ్ అని ఉంటుంది.

ఉలవపాడు తోట:

మామిడి వాళ్ళెవరైనా ఇది చదివితే, పైన అన్న చెప్పింది ఫ్రోజెన్‌కి మాత్రమేనని గమనించండి. కాయ ఊపిరి పీలుస్తుంది. బంగినపల్లికి 12, 13 డిగ్రీలు ఉండాలి, మరీ తగ్గితే తొక్క నల్లబడి లోపల సరిగా పండదు. వెంట్ కొంత తెరవాలి, కాయల అట్టపెట్టెలకు చిల్లులుండాలి, గాలి కాయల మధ్య నుంచి పోవాలి. దిమ్మెలా పేరిస్తే లోపలే ముగ్గిపోతాయి.

విడవలూరు రైతుబిడ్డ:

అన్నా, చాలా థాంక్స్. నాన్నకి మొత్తం చదివి వినిపించా. మామ కూడా ఫ్రోజెన్‌కి ఒప్పుకున్నాడు. కాకపోతే భద్రంగా ఉంటుంది, మైనస్ 25 పెట్టించమంటున్నాడు. మంచిదేనా?

రీఫర్ టెక్నీషియన్, ముత్తుకూరు:

సరుకు సరిగ్గా గడ్డకట్టి ఎక్కితే మైనస్ 18, 20 చాలు. మైనస్ 12 తో ఎక్కిన సరుకును మైనస్ 25 కూడా కాపాడదు. ఎంత పెట్టించినా బుకింగ్ కాగితంలో "మైనస్" అని అక్షరాల్లో రాయించండి. ఒట్టి 18 అని పడితే పెట్టెను ప్లస్ 18 లో పెట్టే ప్రమాదం ఉంది. బిల్ ఆఫ్ లేడింగ్‌లోనూ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) అదే అంకె ఉందో లేదో చూడండి.

డిస్‌ప్లే మీద అంకె కాసేపు పైకి పోతే కంగారు పడొద్దు. డీఫ్రాస్ట్ (కాయిల్ మీది మంచు కరిగించడం) నడిచేటప్పుడు అలాగే చూపించి, మళ్ళీ దిగుతుంది. దిగకపోతే అప్పుడు ఫోన్ చేయండి.

ఇంకొకటి. ఓడ తేదీ జరిగిందంటే పెట్టె యార్డులో ప్లగ్ మీద ఉండిపోతుంది, రోజుకింత అని ఛార్జీ పడుతుంది. గేటు ఎప్పుడు తెరుస్తారో ఖాయమయ్యేదాకా సరుకు ప్లాంట్ కోల్డ్ స్టోర్‌లోనే ఉంచి, లోడింగ్ సాయంత్రం ఎండ తగ్గాక పెట్టుకోండి. తేదీ తెలిశాక ఇక్కడే చెప్పండి. ఆ రోజు నేను నెల్లూరు వైపు ఉంటే ప్రోబ్ తీసుకుని వస్తా.