మారింబా, వైబ్రఫోన్ కచేరీలో త్యాగరాజ కీర్తన ఉండి తీరాలా?

కావలి శ్రోత:
వచ్చే జనవరిలో నెల్లూరు టౌన్‌హాల్లో మారింబా, వైబ్రఫోన్ అనే, కర్రలతో పలకల మీద కొట్టే వాద్యాలు వాయించే ఇద్దరు కళాకారుల కచేరీ పెట్టాలని మా మిత్రులం అనుకుంటున్నాం. మాలో కొందరు ఒక షరతు పెట్టారు. కనీసం రెండు త్యాగరాజ కీర్తనలు వాయించాలట, లేకపోతే జనం లేచిపోతారట. నాకు ఇది సరికాదనిపిస్తోంది. మీరేమంటారు?

ఒంగోలు వయొలిన్ మాస్టారు:
అడగడంలో తప్పేముంది? ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతమా అని పెదవి విరిచినవాళ్లే తర్వాత శ్రీనివాస్ కచేరీలకు ముందు వరసలో కూర్చున్నారు. హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దూరం పెట్టింది. మన వైపు పద్యనాటకాలు మాత్రం దాన్ని ఒక్కరోజు కూడా వదల్లేదు. కొత్త వాద్యం మన పాట పలికితేనే మనవాళ్లకు దగ్గరవుతుంది.

కావలి శ్రోత:
మాస్టారూ, మాండలిన్‌కు తీగ ఉంది. వేలితో లాగితే స్వరం వంగుతుంది. మారింబాలో ఉన్నది రోజ్‌వుడ్ పలక. ఏ శ్రుతికి చెక్కారో అదే పలుకుతుంది. తోడి రాగంలోని గాంధార స్వరాన్ని దాని మీద ఎలా ఊపుతారు? హార్మోనియంలోనూ గమకం, అంటే స్వరాన్ని అలా ఊపడం, లేదు, నిజమే. కానీ నాటకంలో గమకమంతా పద్యం పాడే నటుడి గొంతులో ఉంటుంది, హార్మోనియం పెట్టె ఆ గొంతు వెనక నడుస్తుంది. ఇక్కడ పాడే గొంతే లేదు.

పోనీ ఈ వాద్యాల సొంత బలం చూడండి. నేను చెన్నైలో ఒకసారి ఎదురుగా కూర్చుని విన్నాను. ఒక్కొక్కరి చేతుల్లో నాలుగు కర్రలు. మారింబా దెబ్బ వెచ్చగా మోగి వెంటనే ఆరిపోతుంది. స్వరం నిలవాలంటే రెండు చేతులూ ఆగకుండా చిన్న చిన్న దెబ్బలు వేస్తూనే ఉండాలి. వైబ్రఫోన్‌వి అల్యూమినియం పలకలు. కాలితో పెడల్ తొక్కి ఉంచితే నాదం అలా నిలబడిపోతుంది, వదిలితే ఠక్కున ఆగుతుంది. పలకల కింది గొట్టాల్లో మోటారు తిప్పే చిన్న బిళ్లలు ఆ నాదానికి అల తెస్తాయి. చెక్క ఆరిపోయిన చోట లోహం అందుకుంటుంది. ఆ అందుకోవడం వినడానికే కదా వాళ్లను పిలిచేది!

నెల్లూరు మృదంగం:
అన్నా, ఒక్క మాట. గట్టి కర్రతో పలకను అదిమి లాగితే వైబ్రఫోన్ స్వరం కొంచెం కిందికి జారుతుంది. గమకం బొత్తిగా లేదనలేం. అయితే కృతి మొత్తం దాంతో నెట్టుకురావడం కష్టమే.

చీమకుర్తి విద్యార్థిని:
ముత్తుస్వామి దీక్షితర్ నోట్టు స్వరాలు వాయించమని అడగొచ్చు కదా? మా టీచర్ గారు ‘శక్తి సహిత గణపతిం’ మొదట్లోనే నేర్పారు. అవి ఐరోపా బాణీలకు ఆయన సంస్కృతంలో కట్టిన పాటలు, దాదాపు 40 ఉన్నాయి. అన్నీ శంకరాభరణం స్వరాలే, గమకం అక్కర్లేదు.

ఒంగోలు వయొలిన్ మాస్టారు:
అమ్మాయి మంచి మాట చెప్పింది. తోడి విషయంలో నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరం విన్న చెవులు మావి. రెండు గంటలు తెలిసిన రాగం ఒక్కటీ తగలకపోతే మాలాంటివాళ్లం వెలితి పడతాం. దాన్ని కొట్టిపారేయకండి.

కావలి శ్రోత:
కొట్టిపారేయను మాస్టారూ. నోట్టు స్వరం ఒకటి పంపి, వీలైతే వాయించమని అడుగుతాం. షరతు మాత్రం ఒప్పుకోను. మనింటికి పిలిచి, వాళ్ల వాద్యం పలకలేనిదాన్ని పలకమని, తర్వాత అపస్వరం అంటే ఎలా?

నా అసలు టెన్షన్ ఫ్యాన్లు. మారింబా అడుగు స్థాయి చాలా మెత్తన, ఫ్యాన్ల హోరులో కలిసిపోతుంది. జనవరి అనుకున్నది అందుకే, ఆ చలిలో ఫ్యాన్లు ఆపినా ఎవరూ ఇబ్బంది పడరు. మాస్టారూ, మీరు ముందు వరసలో కూర్చోవాలి. ఒంగోలు నుంచి వచ్చే వాళ్లెందరో చెబితే కుర్చీలు ఉంచుతాం.