బిల్డింగును తెలుగులో ఎక్కడ ఏమనాలి?

ప్రశ్న – తార్నాక నివాసి

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకు కడిగించే రోజు గురించి తెలుగులో నోటీసు రాసే పనిని సంఘం వారు నాకు అప్పగించారు. ‘మన భవన నివాసులకు విజ్ఞప్తి’ అని మొదలుపెట్టి లిఫ్టు పక్కన అంటించాను. మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ అది చదివి, ‘ఇది మన బిల్డింగు గురించేనా అమ్మా? ఏదో సర్కారు కాగితం అనుకున్నాను’ అన్నారు. నిఘంటువులో చూస్తే భవనం, కట్టడం, నిర్మాణం అని మూడూ ఉన్నాయి. ఏ మాట ఎక్కడ నప్పుతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, నల్లకుంట

అమ్మా, మీరు రాసినదానిలో తప్పేమీ లేదు. ‘భూ’ ధాతువు నుంచి వచ్చిన భవనానికి ఉండే చోటు అనే అర్థం. అయితే వాడుకలో అది శాసనసభ భవనం, ఉస్మానియాలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం వంటి హోదా ఉన్నవాటికి అంటిపెట్టుకుని పోయింది కనుక, ఆవిడకు కలిగిన అనుమానం సహజమే.

కట్టడం ఇంకా విశాలమైన మాట. 1591 నాటి చార్మినారు నాలుగు వైపులా కమానులు తెరుచుకుని నిలబడి ఉంటుంది. దానిని చారిత్రక కట్టడం అంటాము గాని భవనం అనము. మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ కూడా కట్టడమే, కానీ ఇంగ్లీషువారు వంతెనను బిల్డింగ్ అనరు, ఆ మాటకు గోడలూ కప్పూ ఉండాలి.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెబుతాను. ఇంగ్లీషులో కట్టే పనినీ, కట్టినదానినీ బిల్డింగ్ అనే అంటారు. మన కట్టడమూ సరిగ్గా అంతే! ‘ఇల్లు కట్టడం మొదలుపెట్టాము’ అంటే పని, ‘పాత కట్టడం కూలింది’ అంటే వస్తువు. బహువచనం చేసి చూస్తే తేడా తెలిసిపోతుంది: కట్టడాలు అనగానే పని అనే అర్థం పోయి వస్తువే మిగులుతుంది.

జవాబు – సైటు సూపర్‌వైజరు, ఉప్పల్

అనుమతి పత్రాలలో భవన నిర్మాణం అని రాస్తాము. సైటులో మేస్త్రీతో మాట్లాడేటప్పుడు మాత్రం బిల్డింగు పని అనే అంటాము, ఇంకో మాట ఎవరి నోటా రాదు.

జవాబు – వరంగల్ నుంచి వచ్చి స్థిరపడినవారు

మా ఊళ్లో స్లాబు వేసిన ఇంటిని బంగ్లా అంటారు. ‘బంగ్ల మీద మిరపకాయలు ఎండబోసినం’ అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. భవంతి అంటే మాకు గూన పెంకుల ఇల్లు: నడుమ ఆకాశం కనిపించే జాగా, చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వాన పడితే పెంకుల అంచుల నుంచి నీళ్లు ఆ నడుమ జాగాలోకి ధారగా దిగుతాయి. కోస్తావారికి మేడ, డాబా, సీమవారికి మిద్దె ఉన్నాయి. ఒక్కొక్క మాట వినగానే కప్పు ఎలాంటిదో కళ్లకు కడుతుంది. నగరంలో అన్నింటినీ బిల్డింగు అనే ఒక్క మాటలో కలిపేయడం నాకు బాధగానే ఉంటుంది. నోటీసుకు మాత్రం బిల్డింగే సరి, కానీ పిల్లలకు ఆ పాత మాటలు కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నోటీసు మార్చి రాశాను: ‘మన బిల్డింగులో ఉండేవారందరికీ మనవి. ఆదివారం పొద్దున ట్యాంకు కడుగుతారు. మధ్యాహ్నం వరకు నీళ్లు రావు. శనివారం రాత్రే బకెట్లు నింపుకోండి.’