ఈగిల్స్ కాంపెన్సేటరీ పిక్‌ల లెక్క తేలడం లేదు, ఎన్ఎఫ్ఎల్ చూసేవాళ్లు చెప్పండి

సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్ 40-22తో చీఫ్స్‌ను ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు వేరే జట్లతో ఒప్పందం చేసుకునే సమయం) మొదలవగానే డిఫెన్స్ సగం ఖాళీ! మిల్టన్ విలియమ్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లతో పేట్రియట్స్‌కి, జాష్ స్వెట్ నాలుగేళ్లకు 7.64 కోట్లతో కార్డినల్స్‌కి వెళ్లిపోయారు. ఇటు అఫెన్స్‌లో మెకై బెక్టన్ రెండేళ్లకు 2 కోట్లతో చార్జర్స్‌కి. అంత డబ్బు ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం, అది వేరే సంగతి.

ఇలా పోయినవాళ్లకు బదులుగా లీగ్ మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతుల వారీగా ఎంచుకునే కార్యక్రమం) మూడు నుంచి ఏడో రౌండ్ వరకు అదనపు పిక్‌లు, అంటే ఎంచుకునే వంతులు ఇస్తుంది, జట్టుకు గరిష్ఠంగా నాలుగు. ఇవే కాంపెన్సేటరీ పిక్‌లు. జట్టు బయటి నుంచి కొత్తవాళ్లను తెచ్చుకుంటే మాత్రం వీటిలో కొన్ని రద్దవుతాయి. నేనే ఒక షీట్‌లో లెక్క వేశాను. డేరియస్ స్లేను జట్టే విడుదల చేసింది కాబట్టి తీసేశాను. డ్రాఫ్ట్ తర్వాతి సోమవారం దాటాక జరిగే ఒప్పందాలు లెక్కలోకి రావని తెలుసు కాబట్టి అవీ వదిలేశాను. అయినా ఇతరులు వేసిన అంచనాలతో నాది కలవడం లేదు. తేడా అంతా కొత్తగా తెచ్చుకున్న అజీజ్ ఒజులారి లాంటి ఒక ఏడాది చిన్న కాంట్రాక్టుల దగ్గరే వస్తోంది. వయసు, ఆడిన స్నాప్‌లు (మైదానంలో ఉన్న ఆట ఎత్తుల సంఖ్య) మార్చి చూసినా అంతే.

నా ప్రశ్న ఒక్కటే: అలాంటి చిన్న కాంట్రాక్టు లెక్కలోకి వస్తే, అది విలియమ్స్ వల్ల రావాల్సిన పెద్ద పిక్‌ను కొట్టేస్తుందా, లేక దాని స్థాయికి దగ్గరగా ఉన్న చిన్న పిక్‌నా?