బాబుకి ఫ్రాటర్నిటీ బిడ్ వచ్చింది, సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

శ్రీనివాస్_డాలస్
మా అబ్బాయి టెక్సస్‌లోనే ఒక యూనివర్సిటీలో ఫ్రెష్‌మన్. ఆదివారం ఫోన్ చేసి "నాన్నా, బిడ్ వచ్చింది" అన్నాడు. బిడ్ అంటే ఫ్రాటర్నిటీలో (కాలేజీ అబ్బాయిల సంఘం) చేరమనే ఆహ్వానం. వాడి గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది. మన పిల్లలు ఎక్కువగా ఉండే సౌత్ ఏషియన్ ఫ్రాటర్నిటీ. ఎనిమిది వారాలు న్యూ మెంబర్‌గా ఉండాలట, ఆ వారాల్లో ఏం చేయిస్తారో ఇంట్లో కూడా చెప్పకూడదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గుంటూరులో ఇంజనీరింగ్ చదివాను, ర్యాగింగ్ అంటే తెలుసు. ఇక్కడి చట్టమే తెలియదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లక్ష్మి_ఎన్‌జే
శ్రీనివాస్ గారూ, మనవాళ్లే కదా అన్న ధీమా వద్దు. న్యూయార్క్ బరూక్ కాలేజీ పిల్లాడి కేసు చూడండి. పై డెల్టా సై అనే ఏషియన్ అమెరికన్ ఫ్రాటర్నిటీ. 2013 డిసెంబరులో పెన్సిల్వేనియా పోకనోస్ కొండల్లో అద్దె ఇంటికి తీసుకెళ్లారు. కళ్లకు గంతలు కట్టి, వీపున ఇసుక సంచి తగిలించి, గడ్డకట్టిన నేల మీద పదేపదే పడేశారు. స్పృహ తప్పాక కూడా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. పిల్లాడు దక్కలేదు. 37 మంది మీద కేసులు పెట్టారు. 2017లో జ్యూరీ ఆ జాతీయ సంస్థనే దోషిగా తేల్చింది. మరుసటి ఏడాది దాన్ని పెన్సిల్వేనియాలో పదేళ్లు నిషేధించారు.

పోయిన పిల్లాడి తల్లిదండ్రులను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆ 37 మంది ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో కూడా ఆలోచించండి. ఈ ఏడాది ప్లెడ్జ్‌గా (కొత్తగా చేరేవాడిగా) ఉన్నవాడే వచ్చే ఏడాది ఇంకో పిల్లాడి చేత చేయించే చోట నిలబడతాడు. మీ వాడికి అసలు ప్రమాదం ఆ రెండో ఏడాదే అని నా భయం.

రవి_హ్యూస్టన్
అక్క చెప్పింది నిజం. టెక్సస్ చట్టంలో రెండు విషయాలు బాబుకి తెలియాలి. ఒకటి, "వాడే ఒప్పుకున్నాడు" అంటే చెల్లదు. పిల్లాడు ఇష్టపడి తాగినా అది హేజింగే, అంటే మన ర్యాగింగ్ లాంటిదే. రెండోది చాలామందికి తెలియదు: కళ్లారా చూసి రిపోర్ట్ చేయకపోవడం కూడా నేరమే.

ఇన్సూరెన్స్ మాట కూడా చెబుతాను. మా అన్నయ్య కొడుకు ఫ్రాటర్నిటీలో రిస్క్ మేనేజ్‌మెంట్ చైర్‌గా (భద్రత చూసుకునే పదవి) ఉన్నప్పుడు వాళ్ల చాప్టర్ (ఆ కాలేజీలోని శాఖ) పార్టీలో ఒక అమ్మాయి మెట్ల మీద నుంచి పడి గాయపడింది. నేషనల్ వాళ్లు (జాతీయ సంస్థ) "మా రూల్స్ తప్పారు, అండర్‌ఏజ్ డ్రింకింగ్ జరిగింది, మా పాలసీ వర్తించదు" అన్నారు. అప్పటిదాకా డ్యూస్ (సభ్యత్వ రుసుము) కట్టించుకున్నవాళ్లే! చివరికి లాయర్ నోటీసు అన్నయ్య హోమ్ ఓనర్స్ ఇన్సూరెన్స్ దాకా వచ్చింది. పదవి పేరు చూసి మురిసిపోయాం కానీ, దాని వెనక ఎంత బాధ్యత ఉందో ఎవరూ చెప్పలేదు. ముందే మీ ఏజెంట్‌కి ఫోన్ చేసి, డార్మ్‌లో ఉండే కొడుకు మీ పాలసీలోకి వస్తాడా, హేజింగ్‌కి మినహాయింపు ఉందా అడగండి.

ప్రణవ్_ఎఫ్1
అంకుల్, నేను అండర్‌గ్రాడ్‌కే ఇండియా నుంచి వచ్చాను. బిడ్ వచ్చినా చేరలేదు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) లాంటి స్టేటస్ మీద ఉన్నవాళ్లకి అరెస్ట్ అయితే చాలు, కేసు తేలకముందే టెన్షన్ మొదలు. డీయూఐ (తాగి బండి నడపడం) అరెస్టుకే వీసా రద్దు చేసిన సందర్భాలున్నాయి. లాయర్ "చిన్న కేసే, ప్లీ (నేరం ఒప్పుకుని కేసు ముగించే ఒప్పందం) ఒప్పుకో" అన్నా, ఇమిగ్రేషన్ మీద ప్రభావం అడగకుండా ఒప్పుకోకూడదు. ఆ సలహా ఇవ్వడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వాడు సిటిజన్ అయినా, అక్కడ మన ఎఫ్1 పిల్లలుంటే వాళ్లకి ఈ మాట చేరవేయమనండి.

అనిత_అట్లాంటా
మా అమ్మాయి సొరోరిటీలో (అమ్మాయిల ఫ్రాటర్నిటీ లాంటిది) ఉంది, మంచి స్నేహితులు దొరికారు, అది దాచను. కానీ రెండేళ్ల క్రితం వాళ్ల చాప్టర్ మీద ఎంక్వైరీ వచ్చింది. కండక్ట్ ఆఫీస్ (యూనివర్సిటీ క్రమశిక్షణ విభాగం) నుంచి ఈమెయిల్ రాగానే లాయర్ లేకుండా వెళ్లి అన్నీ చెప్పేసింది. అక్కడ చెప్పిన మాట తర్వాత కోర్టుకీ వెళ్లొచ్చని మాకు తెలియదు. నేను ఫోన్ చేస్తే ప్రైవసీ చట్టం అన్నారు. పద్దెనిమిది నిండాక రికార్డు హక్కు పిల్లలదే. టాక్స్‌లో డిపెండెంట్‌గా చూపిస్తే యూనివర్సిటీ మనకు చెప్పొచ్చు, కానీ చెప్పి తీరాలని లేదు. ముందే కన్సెంట్ ఫారం మీద సంతకం చేయించుకోండి.

ఇంకొకటి. 2024 డిసెంబరులో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ వచ్చింది. ఏ సంస్థ మీద హేజింగ్ రుజువైందో యూనివర్సిటీలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. చాప్టర్ పేరు వెతకండి.

లక్ష్మి_ఎన్‌జే
911 (ఎమర్జెన్సీ నంబర్) సంగతి మర్చిపోకండి. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్‌లో మెట్ల మీద నుంచి పడ్డ పిల్లాడి కోసం దాదాపు పన్నెండు గంటలు ఎవరూ ఫోన్ చేయలేదు. పోలీసులొస్తే చాప్టర్ పోతుందన్న భయంతోనే పిల్లలు ఆగిపోతారు. ఫ్లోరిడాలో 2019 నుంచి మొదట ఫోన్ చేసి, అక్కడే ఉండి సహకరించినవాళ్లకి హేజింగ్ కేసు నుంచి రక్షణ ఉంది. చాప్టర్ పోతే పోనీ, ఫోన్ చేయమని చెప్పండి.

శ్రీనివాస్_డాలస్
అందరికీ ధన్యవాదాలు. రాత్రి వాడితో గంటన్నర మాట్లాడాను. చేరొద్దని అనలేదు. యూనివర్సిటీ రిపోర్ట్ ఇద్దరం కలిసి చూశాం, నాలుగేళ్ల క్రితం ఆ చాప్టర్‌ని ఒక సెమిస్టర్ సస్పెండ్ చేశారని ఉంది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ప్రెసిడెంట్‌ని ఏం జరిగిందో అడుగుతాను, చెప్పకపోతే సంతకం పెట్టను" అన్నాడు. శుక్రవారం వాళ్ల మీటింగ్. ఏమైందో ఇక్కడే రాస్తాను.