దాహం వేసేదాకా ఆగాలా, అలారం పెట్టుకుని తాగాలా?

కుండనీళ్ళు: మా ఆఫీసులో ఒకాయన ఫోన్‌లో అలారం పెట్టుకుని రోజుకు ఐదు లీటర్లు తాగుతాడు. "దాహం వేసిందంటే అప్పటికే లేటయినట్టు" అంటాడు. మరి దాహం ఎందుకుందట?

మాగాయటెంక: లేటేం కాదండీ. రక్తంలో లవణాల గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు పట్టేస్తుంది. మెదడుకీ రక్తానికీ మధ్య ఉండే అడ్డుగోడ మెదడులో సబ్‌ఫోర్నికల్ ఆర్గన్ అనే చిన్న భాగం లాంటి కొన్ని చోట్ల పలచన, అక్కడి కణాలు రక్తాన్ని దాదాపు రుచి చూస్తాయనుకోండి. 1950ల్లో స్వీడన్‌లో ఆండర్సన్ అనే శాస్త్రవేత్త మేకల హైపోథాలమస్‌లోకి, అంటే మెదడు అడుగున ఉండే భాగంలోకి, కాస్త ఉప్పునీళ్ళు ఎక్కిస్తే అవి నీళ్ళ కోసం ఎగబడ్డాయి. ఇంకో తమాషా, తాగిన నీళ్ళు పూర్తిగా రక్తంలో కలవకముందే దాహం తీరిపోతుంది. నోరూ గొంతూ పంపే కబురుతోనే ఆ కణాలు చల్లబడతాయి, ఎలుకల్లో చూశారు.

రాత్రిడ్యూటీ: ఎలుకల సంగతి సరే, మా వార్డుకి వచ్చేది ముసలివాళ్ళు. మే నెలలో నాలుక పిడచకట్టుకుపోయి వస్తారు, అడిగితే "దాహం వేయలేదమ్మా" అంటారు. వయసు మీద పడితే దాహం మందగిస్తుంది. వాళ్ళకు అడిగి అడిగి తాగించాల్సిందే.

మాగాయటెంక: పెద్దవాళ్ళ విషయం ఒప్పుకుంటా. కానీ అలారం ఆయన ముసలాయన కాదుగా! 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం చూస్తే 13 శాతం మందికి సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, తగ్గి ఉంది. పరుగు పూర్తయ్యేసరికి బరువు పెరిగినవాళ్ళకే, అంటే తెగ తాగినవాళ్ళకే, ఆ ముప్పు ఎక్కువ.

కుండనీళ్ళు: ఉప్పు మీద మోజూ అంతేనా? ఆవకాయ లేకపోతే నాకు పెరుగన్నం దిగదు. ఒంట్లో ఉప్పు తగ్గి అడుగుతోందేమో!

మాగాయటెంక: భలే సాకు. అసలు ఉప్పాకలి వేరు. 1940లో అమెరికాలో విల్కిన్స్, రిక్టర్ అనే పరిశోధకులు ఒక మూడున్నరేళ్ళ పిల్లాడి గురించి రాశారు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు పాడై ఒంట్లో ఉప్పు నిలవక, వాడు ఉప్పే బొక్కేవాడు, ఆసుపత్రిలో చేర్చి మామూలు తిండి పెడితే కొద్దిరోజులకే చనిపోయాడు. మెదడు అడిగింది నిజమే అక్కడ. మీది నాలుక అలవాటు, రెండు మూడు నెలలు తగ్గించి తినండి, ఇప్పటి ఆవకాయే ఉప్పు కషాయంలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు.

రాత్రిడ్యూటీ: ఆ లెక్క ఎండలో తారురోడ్డు వేసేవాళ్ళకి చెప్పకండి. చెమటతో ఉప్పూ పోతుంది. వట్టి నీళ్ళే తాగి పిక్కలు పట్టేసి వచ్చినవాళ్ళని చూశా, వాళ్ళు ఉప్పేసిన మజ్జిగే తాగాలి.