‘రోగ్ వన్’ని నిలబెట్టిందెవరు, ‘సోలో’ని ముంచిందెవరు?

చిక్కడపల్లి వాసి:

ఆదివారం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర ఇరానీ హోటల్లో మొదలైన వాదన ఇది. మూడుసార్లు చాయ్ తెప్పించుకున్నా తెగలేదు. అందుకే మీ అందరి ముందు పెడుతున్నా.

అంతరిక్ష యుద్ధాల సినిమాలు ‘స్టార్ వార్స్’ తీసే లూకాస్‌ఫిల్మ్‌ని డిస్నీ 2012లో 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనేసింది. అసలు కథని ముందుకు నడిపే సినిమాలు కొన్ని, మధ్యలో పక్క కథలు కొన్ని తీద్దామనుకున్నారు. ఆ పక్క కథల్లో మొదట థియేటర్లకు వచ్చినవి రెండు: 2016లో ‘రోగ్ వన్’, 2018లో ‘సోలో’. రెండిట్లోనూ డైరెక్టర్ చేతిలో సినిమా పూర్తిగా నిలవలేదు. ‘రోగ్ వన్’ తీసింది గారెత్ ఎడ్వర్డ్స్. షూటింగ్ అయ్యాక టోనీ గిల్‌రాయ్‌ని పిలిచి, కథలో మార్పులు రాయించి, రీషూట్లకు దింపారు. ‘సోలో’కైతే ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్ జోడీని 2017 జూన్‌లో, షూటింగ్ నడుస్తుండగానే తీసేసి రాన్ హోవర్డ్‌ని తెచ్చారు. మొదటిది ప్రపంచమంతా కలిపి 100 కోట్ల డాలర్లు దాటింది. రెండోది 40 కోట్లు కూడా అందుకోలేదు.

నా మాట సూటిగా చెబుతా. ఒకరిని నమ్మి బండి అప్పజెప్పాక నడిదారిలో స్టీరింగ్ లాక్కోవడం తప్పు. ‘రోగ్ వన్’ అదృష్టం కొద్దీ గట్టెక్కింది, ‘సోలో’ గట్టెక్కలేదు. తేడా అంతే.

కూకట్‌పల్లి తమ్ముడు:

అన్నా, అదృష్టం అనకు. ‘ఆండోర్’ చూశావా? 2022లో ఒక సీజన్, 2025లో ఇంకోటి, కలిపి 24 ఎపిసోడ్లు. ‘రోగ్ వన్’లో కాసియన్ అనే గూఢచారి ముందు కథ అది. దాన్ని నడిపించింది ఈ గిల్‌రాయే. జైల్లో నేలకే కరెంటు పెట్టి, చెప్పుల్లేకుండా నిలబెట్టి పని చేయించే ఆ మూడు ఎపిసోడ్లు ఒకే రాత్రి చూశాను, నిద్ర పట్టలేదు. అతీత శక్తులున్న జెడై వీరుడు ఒక్కడు రాడు. అయినా ఒక మామూలు మనిషి తిరగబడాలంటే లోపల ఎంత కాలిపోవాలో అందులో కనిపిస్తుంది. అలా రాయగలిగిన మనిషి ‘రోగ్ వన్’ మీద చెయ్యి వేశాడు కాబట్టే ఆ సినిమా నిలబడింది. స్టూడియో ఆ రోజు సరైన పనే చేసింది.

ఎడిట్ టేబుల్, అల్వాల్:

రీషూట్ అనగానే సినిమా చెడిపోయిందని అందరూ అనుకుంటారు. నేను పదేళ్లుగా ఎడిటింగ్‌లో ఉన్నాను. ప్యాచ్ వర్క్ లేకుండా నా చేతుల మీదుగా బయటికి వెళ్లిన సినిమా ఒక్కటీ లేదు. పేపర్ మీద బాగున్న సీను టేబుల్ మీదికొచ్చాక కదలదు. ఎందుకు కదలడం లేదో పక్క సీనుతో కలిపి చూస్తే తప్ప తెలియదు. తెలిశాక మళ్లీ తీయడంలో నామోషీ ఏముంది?

‘రోగ్ వన్’ మొదటి ట్రైలర్ ఒకసారి మళ్లీ చూడండి. హీరోయిన్ జిన్, కాసియన్ బీచ్ మీద, గ్రహాల్నే పేల్చేసే డెత్ స్టార్ అనే ఆయుధం ప్లాన్లు పట్టుకుని పరుగెత్తే షాట్లున్నాయి. సినిమాలో అవి లేవు. అంటే క్లైమాక్స్ దారే మారిపోయింది. అందరూ చెప్పుకునే చివరి కారిడార్ సీను కూడా చివర్లో కలిపిందే. నాకు ఆ సీనులో గుర్తుండేది విలన్ వేడర్ కత్తి కాదు, తలుపు. అది సగంలో ఇరుక్కుపోతుంది. అవతల మనిషి ఒంటిని దూర్చలేక, ఆ సందులోంచి ప్లాన్లున్న డిస్క్ మాత్రం చాపి, “తీసుకోండి” అని అరుస్తాడు. ఇవతలి చెయ్యి దాన్ని అందుకుంటుంది. ఇద్దరి పేర్లూ మనకు తెలియవు. సినిమా మొత్తం ఆ సందులోనే ఉంది.

అలాగని అంతా గిల్‌రాయ్ ఖాతాలో వేస్తే ఒప్పుకోను తమ్ముడూ. ఎడ్వర్డ్స్ గ్రాఫిక్స్ పని చేస్తూ పైకొచ్చినవాడు. 2010లో తన మొదటి సినిమా ‘మాన్‌స్టర్స్’కి గ్రాఫిక్స్ తనే చేసుకున్నాడు. ఎంత పెద్ద వస్తువునైనా నేల మీద నిలబడ్డ మనిషి కంటితో చూపించడం ఆయన అలవాటు. జెడా ఊరి మీద ఓడ నీడలా వేలాడడం, ఆకాశం అంచున డెత్ స్టార్ లేవడం, ఆ చూపు పూర్తిగా ఆయనదే. రాత ఒకరిది, చూపు ఒకరిది.

ట్యాంక్‌బండ్ పాత కాపు:

నేను ‘రోగ్ వన్’ 2016 డిసెంబర్‌లో ప్రసాద్స్ పెద్ద తెర మీద చూశాను. నోట్ల రద్దు రోజులు. జేబులో ఒకటే 2000 నోటు, ఇంటర్వెల్లో చిల్లర లేక కాఫీ కూడా తాగలేదు. చివర్లో బీచ్ మీద ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటే వెలుగు వచ్చి మింగేసింది. హాల్లో ఈల లేదు, మాట లేదు. నా పక్క సీట్లో కాలేజీ పిల్లాడు పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

మీరంతా డైరెక్టరా, స్టూడియోనా అని కొట్టుకుంటున్నారు. నా దృష్టిలో అసలు తేడా కథ ఎంచుకోవడంలో ఉంది.

మనకు ఇది కొత్త కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ ఏమిటి? మహాభారతం పక్క కథ. వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్లి కథే లేదు. అంతకంటే పెద్ద సాహసం, ఆ సినిమాలో పాండవులు ఒక్క సీన్లో కూడా కనబడరు. భారతం సినిమాలో పాండవులు లేరని ఎవరైనా బాధపడ్డారా? ఘటోత్కచుడు, శశిరేఖ, లక్ష్మణ కుమారుడు, వీళ్లతోనే మూడు గంటలు గడిచిపోతాయి. పెద్ద కథ వదిలేసిన ఖాళీలోకి వెళ్లి అక్కడ ఇల్లు కట్టారు.

‘రోగ్ వన్’ కూడా అదే చేసింది. 1977 నాటి మొదటి ‘స్టార్ వార్స్’ సినిమా మొదట్లో తెర మీద పైకి పాకే అక్షరాల్లో, తిరుగుబాటుదారులు డెత్ స్టార్ ప్లాన్లు దొంగిలించారని ఒక్క ముక్క ఉంటుంది. గ్రాఫిక్స్ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసిన జాన్ నోల్, ఆ దొంగతనం చేసిందెవరని అడిగాడు. అసలు కథ హీరోలు ల్యూక్ లేడు, హాన్ లేడు. వేడర్, లేయా కనబడేది కొద్ది నిమిషాలే. ఆ దొంగతనం చేసేవాళ్లెవరూ తర్వాతి కథలో లేరు కాబట్టి చనిపోవచ్చు. ఆ భయమే సినిమాకి ప్రాణం.

‘సోలో’లో ఖాళీ ఎక్కడుంది? అది హాన్ కుర్రతనం కథ, అతను బతుకుతాడని మనకు 40 ఏళ్లుగా తెలుసు. అందుకే ఆ సినిమా ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ పోయింది. ఆ పిస్టల్ ఎక్కడిది, ఆ ఓడ ఎలా వచ్చింది, ఒక దారిని 12 పార్సెక్కుల్లో (అంతరిక్ష దూరానికి కొలత) దాటానని హాన్ చెప్పుకునే గొప్ప ఎక్కడిది. చివరికి ఇంటిపేరు కూడా. సైన్యంలో చేర్చుకునే ఆఫీసరు, నీ వాళ్లెవరని అడిగితే ఎవరూ లేరంటాడు, సరే ‘సోలో’ అని రాసేస్తాడు. నాకు ఆ క్షణంలో బాధేసింది. కుర్ర హీరో ఆల్డెన్ తప్పేమీ లేదు, బాగానే చేశాడు. కథలో చోటు లేదు, అంతే. లార్డ్, మిల్లర్ ఉన్నా, హోవర్డ్ ఉన్నా ఆ చోటు పుట్టదు.

మధ్యలో మనిషి మారితే సినిమా పోతుందన్న వాదనకి కూడా ‘మాయాబజార్’లోనే జవాబుంది. సాలూరి రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు. మిగతా భారం ఘంటసాల మోశారు. ‘లాహిరి లాహిరి’ బాణీ రాజేశ్వరరావు గారిదని చెప్తే గానీ ఎవరికైనా అతుకు కనిపిస్తుందా?

చిక్కడపల్లి వాసి:

పెద్దాయనా, కథ ఎంచుకోవడం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా. ‘అదృష్టం’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ ‘మాయాబజార్’ నా వైపే సాక్ష్యం చెబుతుంది. కె.వి. రెడ్డి గారు ఏ సీను ఎన్ని అడుగులు రావాలో ముందే లెక్క కట్టుకునే మనిషి. పింగళి మాట, మార్కస్ బార్ట్లే కెమెరా, అన్నీ ఆయన చూపు కిందే నడిచాయి. సంగీతంలో చెయ్యి మారినా స్టీరింగ్ మారలేదు. 1980లో వచ్చిన రెండో ‘స్టార్ వార్స్’ సినిమా ‘ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ కూడా అంతే. మొదటి సినిమా తీసిన లూకాస్ తను పక్కకు జరిగి, తను చదివిన ఫిల్మ్ స్కూల్లో పాఠాలు చెప్పిన ఇర్విన్ కెర్ష్‌నర్‌కి అప్పగించాడు. చాలామంది అభిమానులు ఇవాళ్టికీ దాన్నే మొదటి స్థానంలో పెడతారు.

లార్డ్, మిల్లర్ సెట్లో నటులచేత అప్పటికప్పుడు మాటలు చెప్పిస్తున్నారని, అది రచయిత లారెన్స్ కాస్డన్‌కి నచ్చలేదని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. వాళ్ల పద్ధతి అదేనని పిలిచేముందు తెలియదా? ‘సోలో’ వచ్చిన ఏడాదే విడుదలైన, వాళ్లు నిర్మించిన యానిమేషన్ స్పైడర్‌మ్యాన్ సినిమాకి 2019లో ఆస్కార్ వచ్చింది. చేతకానివాళ్లు కాదు కదా.

ఎడిట్ టేబుల్, అల్వాల్:

చేతకానివాళ్లు కాదు, నిజమే. అసలు కథలోని ‘లాస్ట్ జెడై’ సినిమా వచ్చిన ఐదు నెలలకే ‘సోలో’ని దింపడం కూడా దెబ్బే, అది ఎవరూ అనలేదు. ‘రోగ్ వన్’ టైటిల్స్‌లో దర్శకత్వం అని ఒక్క ఎడ్వర్డ్స్ పేరే పడింది. గిల్‌రాయ్ పేరు స్క్రీన్‌ప్లేలో పడింది. ‘సోలో’లో లార్డ్, మిల్లర్ పేర్లు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లుగా మిగిలాయి.

చిక్కడపల్లి వాసి:

ఆ పేర్లు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది అక్కా. వాళ్లు తీసినదాంట్లో ఒక్క సీనైనా, ఎడిట్ చేయనిదైనా సరే, చూడాలని ఉంది.